ఇంటి కంప్యూటర్‌లో యాంటీవైరస్, యాంటీస్పైవేర్‌ల సహవినియోగం: సికింద్రాబాద్ నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఇంటి కంప్యూటర్‌లో యాంటీవైరస్‌తో పాటు యాంటీస్పైవేర్‌ను కూడా విడిగా ఉంచుకోవాలన్న సలహా రెండు దశాబ్దాలుగా ప్రచారంలో ఉంది. ఈ సలహా ఏ పరిస్థితుల్లో పుట్టింది, ఆ పరిస్థితులు నేటికీ కొనసాగుతున్నాయా, రెండు రక్షణ సాఫ్ట్‌వేర్లు ఒకే యంత్రంలో ఒకేసారి పనిచేసినప్పుడు ఏం జరుగుతుంది అన్న ప్రశ్నలను ఈ వ్యాసం చర్చిస్తుంది. సికింద్రాబాద్ వంటి నగరంలో ఇంటి కంప్యూటర్‌పైనే సిద్ధాంతవ్యాస రచన సాగించే పరిశోధకుల అవసరాలను దృష్టిలో ఉంచుకొని, రక్షణలో రెండో అంచె మొదటి దానికి నకలుగా కాక భిన్న స్వభావం కలదిగా ఉండాలని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: యాంటీవైరస్, యాంటీస్పైవేర్, నిరంతర రక్షణ, ఐచ్ఛిక తనిఖీ, కీలాగర్, సమాచార సాంకేతికత చట్టం, సైబర్ స్వచ్ఛతా కేంద్రం, సికింద్రాబాద్.

1. ప్రవేశిక:

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ జంటనగరాల కంప్యూటర్ వ్యాపారానికి పేరుపొందిన కేంద్రం. విడిభాగాలు కొని కూర్పించుకున్న కంప్యూటర్లు, ఒకరు వాడి అమ్మిన ల్యాప్‌టాప్‌లు ఇటువంటి బజార్ల నుంచే మధ్యతరగతి ఇళ్లకు చేరుతుంటాయి. అలా చేరిన కంప్యూటర్ సాధారణంగా ఇంట్లో ఒక్కరి సొత్తు కాదు. పిల్లల ఆన్‌లైన్ పాఠాలు, పెద్దల బ్యాంకు లావాదేవీలు, పరిశోధక విద్యార్థి సిద్ధాంతవ్యాసం అన్నీ ఒకే యంత్రంపై సాగుతాయి. కళాశాలలోనో కార్యాలయంలోనో కంప్యూటర్ల బాగోగులు చూడటానికి ఒక నిపుణుడు ఉంటాడు. ఇంట్లో ఆ బాధ్యత వాడేవారిదే.

ఈ బాధ్యతను నెరవేర్చే క్రమంలో చాలామంది అనుసరించే మార్గం ఒకటుంది. ఒక యాంటీవైరస్ ఉండగానే, అది చాలదేమోనన్న సందేహంతో మరో యాంటీస్పైవేర్‌ను, కొన్నిసార్లు రెండో యాంటీవైరస్‌ను కూడా చేర్చుతారు. ఒక తాళం కన్నా రెండు తాళాలు మేలన్న లోకజ్ఞానం దీనికి ఆధారం. అయితే తాళాలు ఒకదానినొకటి అడ్డుకోవు. రక్షణ సాఫ్ట్‌వేర్లు అడ్డుకోగలవు. ఈ భేదాన్ని గుర్తించకపోతే రక్షణ పెరిగిందన్న భావన మాత్రమే మిగులుతుంది. సంవత్సరాల తరబడి సేకరించిన క్షేత్ర సమాచారం, రాతప్రతుల ఛాయాచిత్రాలు, రాసిన అధ్యాయాలు ఆ యంత్రంలోనే ఉన్నప్పుడు ఇది కేవలం సాంకేతిక విషయం కాదు.

2. వైరస్, స్పైవేర్: భావనల స్పష్టత

వైరస్ తనను తాను ప్రతులుగా పెంచుకొనే ప్రోగ్రామ్. మరో ప్రోగ్రామ్‌లో గానీ డిస్కు ప్రారంభ భాగంలో గానీ చేరి, అక్కడి నుంచి ఇతర యంత్రాలకు వ్యాపిస్తుంది. ఐ.బి.ఎం. తరహా వ్యక్తిగత కంప్యూటర్లపై విస్తృతంగా వ్యాపించిన తొలి వైరస్‌గా పేర్కొనే ‘బ్రెయిన్’ 1986లో లాహోర్‌లో పుట్టి, ఫ్లాపీ డిస్కుల ద్వారా దేశాలు దాటింది. స్పైవేర్‌కు వ్యాప్తి ప్రధానం కాదు. అది ఒక యంత్రంలో నిశ్శబ్దంగా స్థిరపడి, వాడుకరి చూసే వెబ్‌సైట్లను, టైపు చేసే అక్షరాలను, సంకేతపదాలను సేకరించి బయటికి పంపుతుంది. వైరస్ సోకిన యంత్రం ఏదో ఒక లక్షణం చూపవచ్చు. స్పైవేర్ విజయం మాత్రం దాని ఉనికి తెలియకపోవడంలోనే ఉంది.

మరో ముఖ్యమైన భేదం సమ్మతికి సంబంధించినది. వైరస్ ఎవరి అనుమతీ కోరదు. తొలితరం స్పైవేర్‌లో అధికభాగం ఉచిత సాఫ్ట్‌వేర్లతో జతకట్టి, ఎవరూ చదవని సుదీర్ఘ ఒప్పంద పత్రంలో ఒక వాక్యంగా దాగి, వాడుకరి ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కగానే ప్రవేశించేది. దీనిని హానికర ప్రోగ్రామ్ అనాలా, వాడుకరి కోరి తెచ్చుకున్నది అనాలా అన్న వివాదం అక్కడే మొదలైంది.

ఈ విషయంలో భారతీయ చట్టం దృష్టి గమనించదగినది. 2000 అక్టోబర్ 17న అమల్లోకి వచ్చిన సమాచార సాంకేతికత చట్టం 43వ సెక్షన్‌లో ‘కంప్యూటర్ వైరస్’తో పాటు ‘కంప్యూటర్ కలుషితం’ అనే భావనను కూడా నిర్వచించారు. కంప్యూటర్‌లోని సమాచారాన్ని మార్చడానికీ నాశనం చేయడానికీ మాత్రమే గాక, దానిని నమోదు చేయడానికీ ప్రసారం చేయడానికీ రూపొందిన ఆదేశాల సముదాయం కూడా ఈ రెండో నిర్వచనంలోకి వస్తుంది. స్పైవేర్ అనే పేరు చట్టంలో లేకపోయినా, అది చేసే పని ఆ నిర్వచనంలో ఉంది. యజమాని అనుమతి లేకుండా ఇటువంటి దానిని ప్రవేశపెట్టినవారు నష్టపరిహారానికి బాధ్యులు. 2009 అక్టోబర్ 27 నుంచి అమలైన సవరణ ప్రకారం, మోసపూరితంగా గానీ నిజాయితీ లేకుండా గానీ ఆ పని చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. వైరస్‌నూ స్పైవేర్‌నూ ఒకే సెక్షన్‌లో చూసిన ఈ దృష్టికి సాఫ్ట్‌వేర్ విపణి చేరుకోవడానికి మరికొన్ని సంవత్సరాలు పట్టింది.

3. రెండు రక్షకుల సంప్రదాయం: చారిత్రక నేపథ్యం

2000లో అమెరికన్ ప్రోగ్రామర్ స్టీవ్ గిబ్సన్ రూపొందించిన ‘ఆప్టవుట్’ను తొలి యాంటీస్పైవేర్‌గా చెబుతారు. ఆ తరువాత లావాసాఫ్ట్ సంస్థ ‘యాడ్-అవేర్’, పాట్రిక్ కొల్లా రూపొందించిన ‘స్పైబాట్ సెర్చ్ అండ్ డిస్ట్రాయ్’ ఇంటి కంప్యూటర్లలో ప్రసిద్ధి పొందాయి. అప్పటికే స్థిరపడిన యాంటీవైరస్ సంస్థలు ఈ రంగంలోకి వెంటనే రాకపోవడానికి ఒక కారణం సమ్మతి వివాదమే. వాడుకరి ఒప్పుకొని తెచ్చుకున్న ప్రోగ్రామ్‌ను తొలగిస్తే దాని తయారీదారు న్యాయస్థానానికి వెళ్లవచ్చు. ఈ భయం నిరాధారం కాదు. తన ప్రోగ్రామ్‌లను అడ్డుకుంటున్నదని జాంగో సంస్థ 2007లో కాస్పర్‌స్కై‌పై వ్యాజ్యం వేసింది. 2009లో అమెరికా తొమ్మిదవ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానం కాస్పర్‌స్కైకి అనుకూలంగా తీర్పు చెప్పింది. అంతకుముందే, 2005లో ఏర్పడిన యాంటీస్పైవేర్ కూటమి స్పైవేర్‌కు ఉమ్మడి నిర్వచనాన్ని సమకూర్చే ప్రయత్నం చేసింది.

అంటే 2000–2006 మధ్యకాలంలో ఇంటి కంప్యూటర్‌కు రెండు సాఫ్ట్‌వేర్లు నిజంగానే అవసరమయ్యాయి. ఒకటి చూడనిదాన్ని మరొకటి చూసేది. రెండూ ఉండాలన్న సలహా ఆనాటి వాస్తవానికి ప్రతిబింబం.

తరువాతి మార్పును మైక్రోసాఫ్ట్ అనుసరించిన మార్గమే స్పష్టం చేస్తుంది. 2004 డిసెంబర్‌లో ఆ సంస్థ జెయింట్ కంపెనీని కొని, దాని యాంటీస్పైవేర్‌ను 2006 అక్టోబర్‌లో ‘విండోస్ డిఫెండర్’గా విడుదల చేసింది. అది అప్పట్లో స్పైవేర్‌ను మాత్రమే చూసేది. 2009 సెప్టెంబర్‌లో వచ్చిన ‘మైక్రోసాఫ్ట్ సెక్యూరిటీ ఎసెన్షియల్స్’ వైరస్, స్పైవేర్‌లు రెండింటినీ చూడగలిగింది. దానిని చేర్చుకున్న యంత్రంలో పాత డిఫెండర్ ఆగిపోయేది. 2012 అక్టోబర్‌లో విడుదలైన విండోస్ 8తో డిఫెండరే పూర్తిస్థాయి యాంటీవైరస్‌గా మారింది. ఇతర ప్రధాన సంస్థలూ ఇదే దారి పట్టాయి. నేడు యాంటీవైరస్ పేరుతో లభించే ప్రధాన సాఫ్ట్‌వేర్లు స్పైవేర్‌ను కూడా వెదుకుతాయి. ఆ విధంగా సలహాకు మూలమైన శ్రమవిభజన తొలగిపోయింది. సలహా మాత్రం నిలిచిపోయింది.

4. నిరంతర రక్షణ పనిచేసే తీరు

రక్షణ సాఫ్ట్‌వేర్ రెండు విధాలుగా పనిచేస్తుంది. ఒకటి నిరంతర రక్షణ: కంప్యూటర్ నడుస్తున్నంతసేపూ కాపలా కాయడం. రెండోది ఐచ్ఛిక తనిఖీ: వాడుకరి కోరినప్పుడు మాత్రమే ఫైళ్లను పరిశీలించి ఊరుకోవడం. సహవినియోగ సమస్య అంతా ఈ భేదంపై ఆధారపడి ఉంది.

నిరంతర రక్షణ కోసం యాంటీవైరస్ విండోస్‌లోని కెర్నెల్ అనే అంతర్భాగంలో ఒక వడపోత ప్రోగ్రామ్‌ను నిలుపుతుంది. ఏ ఫైల్‌ను తెరిచినా, రాసినా ఆ అభ్యర్థన ముందుగా ఈ వడపోత గుండా సాగుతుంది. ఇటువంటి వడపోతలు ఒకదానిపై ఒకటి పేర్చినట్లు ఉంటాయి. వాటి క్రమాన్ని నిర్ణయించడానికి ప్రతిదానికీ ‘ఆల్టిట్యూడ్’ అనే సంఖ్య ఉంటుంది. యాంటీవైరస్ వడపోతలకు మైక్రోసాఫ్ట్ 3,20,000తో మొదలయ్యే ప్రత్యేక శ్రేణిని కేటాయించింది. కనుక రెండు వడపోతలు ఒకే యంత్రంలో ఉండటం సాంకేతికంగా అసాధ్యం కాదు. అయితే అవి ఉన్నప్పుడు నాలుగు రకాల చిక్కులు ఏర్పడతాయి.

మొదటిది శ్రమ రెట్టింపు కావడం. వాడుకరి ఒక ఫైల్‌ను తెరిస్తే రెండు సాఫ్ట్‌వేర్లూ దానిని పరిశీలిస్తాయి. మొదటిది పరిశీలన కోసం ఆ ఫైల్‌ను తెరవడమే రెండోదానికి కొత్త సంఘటనగా కనిపించవచ్చు. 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్ ఉన్న యంత్రంలో ఈ భారం స్పష్టంగా తెలుస్తుంది. విసిగిన వాడుకరి చివరికి రెండింటినీ ఆపివేసే ప్రమాదం కూడా ఉంది.

రెండోది పరస్పర నిరీక్షణ. అనుమానిత ఫైల్‌ను ఒకటి నిర్బంధంలోకి తరలించబోతుండగా మరొకటి అదే ఫైల్‌ను పట్టుకొని ఉంటే రెండూ ఎదుటిదాని కోసం ఆగుతాయి. యంత్రం స్తంభించిపోతుంది, లేదా హానికర ఫైల్ ఉన్నచోటే మిగులుతుంది.

మూడోది ఒకటి సరిచేసినదాన్ని మరొకటి రద్దుచేయడం. స్పైబాట్‌లోని ‘టీటైమర్’ విభాగం విండోస్ రిజిస్ట్రీలో జరిగే మార్పులను అడ్డుకొనేది. హానికర నమోదును మరో సాఫ్ట్‌వేర్ తొలగించినా టీటైమర్ దానిని అనధికార మార్పుగా భావించి పునరుద్ధరించే అవకాశం ఉండేది. అందుకే శుద్ధి చేసేముందు దానిని ఆపివేయమని నిపుణులు సూచించేవారు.

నాలుగోది పరస్పర అనుమానం. ఒక సాఫ్ట్‌వేర్ నిర్బంధంలో ఉంచిన ఫైల్, దాని సంచయంలోని హానికర నమూనాల ఆనవాళ్లు మరొకదానికి ముప్పుగా కనిపించవచ్చు. ఈ అనుమానం కొన్నిసార్లు ఉద్దేశపూర్వకమన్న ఆరోపణకూ దారితీసింది. 2016 అక్టోబర్‌లో మాల్వేర్‌బైట్స్ తన ప్రమాణాలను మార్చి, ఎనిగ్మా సంస్థకు చెందిన ‘స్పైహంటర్’ను అవాంఛనీయ ప్రోగ్రామ్‌గా గుర్తించడం మొదలుపెట్టింది. ఆ వివాదం న్యాయస్థానానికి చేరింది. పోటీదారును దెబ్బతీసే ఉద్దేశంతో అడ్డుకున్నట్లయితే చట్టం కల్పించే రక్షణ వర్తించదని తొమ్మిదవ సర్క్యూట్ న్యాయస్థానం 2019లో పేర్కొంది. జాంగో కేసులో తీర్పు చెప్పినది కూడా ఇదే న్యాయస్థానం కావడం గమనార్హం.

ఈ చిక్కులను నివారించడానికే విండోస్ 10, 11లలో మరో సంస్థ యాంటీవైరస్ నమోదు కాగానే డిఫెండర్ నిరంతర రక్షణ నుంచి తప్పుకుంటుంది. 2016 ఆగస్టు నాటి విండోస్ 10 నవీకరణ నుంచి, వాడుకరి కోరితే అలా తప్పుకున్న డిఫెండర్ అప్పుడప్పుడు మాత్రం తనిఖీ చేసే సౌకర్యం ఏర్పడింది. నిరంతర కాపలా ఒకరిది, అప్పుడప్పుడు తనిఖీ మరొకరిది అన్న సూత్రం ఇక్కడ ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే భాగమైంది.

5. సంభావ్యతా దృష్టిలో రెండో రక్షకం

హానికర ప్రోగ్రామ్‌లన్నిటినీ తప్పులేకుండా గుర్తించే విధానం సాధ్యం కాదని ఫ్రెడ్ కోహెన్ 1984 నాటి పరిశోధనపత్రంలో నిరూపించాడు. ఏ యాంటీవైరస్ అయినా కొన్నింటిని వదిలేస్తుంది, లేదా కొన్ని మంచి ఫైళ్లను తప్పుపడుతుంది. కనుక ఒకటి వదిలినదాన్ని రెండోది పట్టుకుంటుందన్న ఆశ సహజమే. ఆ ఆశ ఎంతవరకు నెరవేరుతుందో ఒక ఊహాత్మక లెక్కతో చూడవచ్చు.

ప్రతి 100 కొత్త ముప్పులలో మొదటి సాఫ్ట్‌వేర్ 5, రెండోది 5 వదిలేస్తాయనుకుందాం. రెండింటి పొరపాట్లకూ పరస్పర సంబంధం లేకపోతే, రెండూ కలిసి వదిలేది 400లో 1 మాత్రమే. కానీ మొదటిది వదిలిన 5లో రెండోది కూడా 4 వదిలేస్తే, మొత్తం మీద 100లో 4 తప్పించుకుంటాయి. అంటే రెండోదాని వల్ల కలిగిన అదనపు ప్రయోజనం 100కు 1 మాత్రమే.

వాస్తవం రెండో సందర్భానికే చేరువగా ఉండటానికి కారణాలున్నాయి. 2004లో స్పెయిన్‌లో మొదలై 2012లో గూగుల్ చేతికి వచ్చిన ‘వైరస్‌టోటల్’ వంటి వేదికల ద్వారా యాంటీవైరస్ సంస్థలు ఒకే నమూనాలను పంచుకుంటాయి. కొన్ని సంస్థలు బిట్‌డిఫెండర్ వంటి ఇతర సంస్థల గుర్తింపు ఇంజన్‌ను తమ పేరుతో వాడతాయి. పెట్టెపై పేర్లు వేరైనా లోపలి చూపు ఒకటే కావచ్చు. పైగా ఎవరికీ తెలియని సరికొత్త ముప్పు ఇద్దరికీ ఒకేసారి కొత్తదే.

తప్పుడు హెచ్చరికల విషయంలో మాత్రం రెండు సాఫ్ట్‌వేర్లు ఉంటే బెడద పెరుగుతుంది. ఏ ఒక్కటి పొరబడినా ఫైల్ నిర్బంధంలోకి పోతుంది. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ విడుదల చేసిన ఒక నవీకరణ విండోస్ ఎక్స్‌పీలోని అత్యవసర సిస్టమ్ ఫైల్‌ను వైరస్‌గా భావించడంతో అనేక యంత్రాలు పనిచేయకుండా పోయాయి. రక్షకుల సంఖ్య పెరిగేకొద్దీ ఇటువంటి అవకాశాల సంఖ్య కూడా పెరుగుతుంది.

6. రక్షకమే ప్రమాదద్వారమైతే

రక్షణ సాఫ్ట్‌వేర్‌కు యంత్రంలో అత్యున్నత అధికారం ఉంటుంది. ఆ అధికారాన్ని ఎంతమందికి ఇస్తే దాడికి అన్ని ద్వారాలు తెరుచుకుంటాయి. భారతీయ సంస్థ రూపొందించిన ‘ఈస్కాన్’ యాంటీవైరస్ నవీకరణలు సురక్షితం కాని మార్గంలో ప్రయాణించడాన్ని అవకాశంగా తీసుకొని, దాడిదారులు వాటి స్థానంలో ‘గుప్తీమైనర్’ అనే హానికర ప్రోగ్రామ్‌ను పంపిన వైనాన్ని అవాస్ట్ సంస్థ 2024 ఏప్రిల్‌లో వెల్లడించింది. లోపం తెలిసిన తరువాత దానిని సరిదిద్దారు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన దోషయుక్త నవీకరణ వల్ల ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నిలిచిపోయాయి. ఆ రోజు శంషాబాద్ విమానాశ్రయంలో చేతిరాతతో బోర్డింగ్ పాస్‌లు ఇవ్వవలసి వచ్చింది. అది కార్యాలయాలు వాడే సాఫ్ట్‌వేరే అయినా, అందులోని పాఠం ఇంటికీ వర్తిస్తుంది.

రెండో రక్షకం కోసం వెదికే వాడుకరికి నకిలీ రక్షకాలు ఎదురవడం మరో ప్రమాదం. తెరపై హఠాత్తుగా ‘మీ కంప్యూటర్‌లో వైరస్‌లున్నాయి’ అని భయపెట్టి, లేని ముప్పును తొలగించడానికి డబ్బు అడిగే ప్రోగ్రామ్‌లు ఇవి. ‘విన్‌ఫిక్సర్’, ‘ఎక్స్‌పీ యాంటీవైరస్’ వంటి పేర్లతో 10 లక్షల మందికి పైగా వినియోగదారులను మోసగించారన్న అభియోగంపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2008 డిసెంబర్‌లో న్యాయస్థానాన్ని ఆశ్రయించి నిలుపుదల ఉత్తర్వు పొందింది. ఈ మోసం ఆధారపడినది ఒకే భావనపై: ఉన్న రక్షణ చాలదన్న భయం.

7. తెలుగు పరిశోధకుల ప్రత్యేక పరిస్థితులు

తెలుగులో సిద్ధాంతవ్యాసం రాసేవారి కంప్యూటర్ అవసరాలు కొంత భిన్నమైనవి. తార్నాకలోనో మారేడుపల్లిలోనో నివసించే ఒక పరిశోధక విద్యార్థిని ఉదాహరణగా ఊహించవచ్చు. అధ్యాయం ఇంట్లో టైపవుతుంది. దిద్దుబాటుకూ ముద్రణకూ పెన్‌డ్రైవ్‌లో డీటీపీ సెంటర్‌కు వెళ్తుంది. అక్కడ రోజూ ఎందరో తెచ్చే పెన్‌డ్రైవ్‌లు తగిలే యంత్రంలోంచి తిరిగి ఇంటికి వస్తుంది. 2008 నవంబర్‌లో బయటపడిన ‘కాన్‌ఫికర్’ వంటి వార్మ్‌లు పెన్‌డ్రైవ్‌ను పెట్టగానే వాటంతటవే ప్రారంభమయ్యే సౌకర్యాన్ని కూడా వాడుకొని వ్యాపించాయి. విండోస్ 7లోనూ, 2011 ఫిబ్రవరి నాటి నవీకరణతో ఎక్స్‌పీ, విస్టాలలోనూ మైక్రోసాఫ్ట్ ఆ సౌకర్యాన్ని కట్టడి చేసింది. అయినా అసలు ఫోల్డర్లను దాచి, వాటి పేర్లతోనే నకిలీ షార్ట్‌కట్లు చూపే తరహా ముప్పులు పెన్‌డ్రైవ్‌లను వదలలేదు.

రెండో ప్రత్యేకత తెలుగు టైపింగ్ ఉపకరణాలకు సంబంధించినది. యూనికోడ్ విస్తరించక ముందు నుంచీ డీటీపీ రంగంలో అను ఫాంట్లు ప్రధానంగా వాడుకలో ఉన్నాయి. ఈ తరహా ఫాంట్లతో పనిచేయడానికి, వాడుకరి నొక్కిన మీటను మధ్యలోనే అందుకొని తగిన తెలుగు అక్షర రూపంగా మార్చే ప్రోగ్రామ్ కావాలి. నొక్కిన ప్రతి మీటనూ మధ్యలో అందుకోవడం కీలాగర్ అనే స్పైవేర్ లక్షణం కూడా. ఒకటి అక్షరాన్ని మారుస్తుంది, మరొకటి దానిని దొంగిలించి పంపుతుంది; మీటలను అందుకొనే పద్ధతి మాత్రం ఒకటే కావచ్చు. అందువల్ల ప్రవర్తనను బట్టి గుర్తించే యాంటీస్పైవేర్ ఒక నిర్దోష టైపింగ్ ఉపకరణాన్ని అనుమానించే అవకాశం ఉంది. రెండు సాఫ్ట్‌వేర్లు ఉంటే మినహాయింపును రెండింటిలోనూ విడివిడిగా ఇవ్వాలి.

అసలు నష్టం ఇక్కడే మొదలవుతుంది. తరచుగా తప్పుడు హెచ్చరికలు చూసిన వాడుకరికి ‘అనుమతించు’ అని నొక్కడం అలవాటవుతుంది. లైసెన్సు లేని ప్రతులతో వచ్చే సూచనల్లో యాంటీవైరస్‌ను ఆపివేయమని చెప్పడం కూడా సాధారణమే. ఆ విధంగా అలవాటుపడిన చేయి నిజమైన కీలాగర్‌ను కూడా అనుమతిస్తుంది. అప్పుడు ఆ యంత్రంపై నొక్కిన బ్యాంకు సంకేతపదం, ఈమెయిల్ సంకేతపదం పరులపాలవుతాయి. తోలేవారు లేక కాదు, కాపలావారి కేకలను పట్టించుకోకపోవడం వల్ల చేను పోయినట్లవుతుంది.

8. ఆచరణీయ విధానం

పై చర్చను బట్టి ఇంటి కంప్యూటర్‌కు ఒక క్రమాన్ని సూచించవచ్చు.

ముందుగా నిరంతర రక్షణ బాధ్యత ఒక్కదానికే అప్పగించాలి. అది విండోస్ డిఫెండర్ కావచ్చు, చెన్నైకి చెందిన కె7, పుణెకు చెందిన క్విక్ హీల్ వంటి మరేదైనా కావచ్చు. ‘విండోస్ సెక్యూరిటీ’ విభాగంలో ప్రస్తుతం ఏది కాపలా కాస్తున్నదో చూడవచ్చు. పాతదానిని తొలగించేటప్పుడు దాని తయారీ సంస్థ అందించే తొలగింపు ఉపకరణాన్ని వాడి, అవశేషాలు మిగలకుండా చూడాలి. వాడిన ల్యాప్‌టాప్ కొన్నవారు పాత యజమాని విడిచిపెట్టిన వాటిని నమ్ముకోకుండా విండోస్‌ను కొత్తగా స్థాపించుకోవడం ఉత్తమం.

రెండో సాఫ్ట్‌వేర్ ఐచ్ఛిక తనిఖీకి మాత్రమే పరిమితం కావాలి. మాల్వేర్‌బైట్స్ ఉచిత ప్రతి ఈ పనికి వాడదగినది. అయితే అది మొదట కొన్ని రోజులు ప్రయోగాత్మకంగా నిరంతర రక్షణను కూడా ప్రారంభించవచ్చు కనుక, ఆ అమరికను గమనించి ఆపాలి. రెండింటి తనిఖీలూ ఒకే సమయంలో నడవకుండా చూడాలి.

రక్షణకు అదనపు అంచెలు కావాలంటే అవి భిన్న స్వభావం కలవై ఉండాలి. భారత ప్రభుత్వం 2017 ఫిబ్రవరి 21న సైబర్ స్వచ్ఛతా కేంద్రాన్ని ప్రారంభించింది. సెర్ట్-ఇన్ నిర్వహించే ఈ కేంద్రం ద్వారా అందుబాటులోకి వచ్చిన కొన్ని ఉచిత ఉపకరణాలను హైదరాబాద్‌లోని సీ-డాక్ రూపొందించింది. వాటిలో ‘యాప్‌సంవిద్’ ముందే అనుమతించిన ప్రోగ్రామ్‌లను మాత్రమే నడవనిస్తుంది. ‘యూఎస్‌బీ ప్రతిరోధ్’ పెన్‌డ్రైవ్‌ల వాడకాన్ని నియంత్రిస్తుంది. ‘బ్రౌజర్ జేఎస్‌గార్డ్’ వెబ్‌పుటల్లోని హానికర జావాస్క్రిప్ట్‌ను పసిగడుతుంది. ఇవి చెడ్డవాటి జాబితాతో పోల్చి చూసే యాంటీవైరస్ పనినే తిరిగి చేయవు. అది చేయని పనిని చేస్తాయి. ఇంటి యంత్రానికి వీటిలో ఏది సరిపోతుందో అప్పటి విండోస్ ప్రతిని బట్టి చూసుకోవాలి.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది ఆపరేటింగ్ సిస్టమ్ నవీకరణ. 2017 మే 12న ‘వన్నాక్రై’ విజృంభించినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చి 14నే సవరణను విడుదల చేసింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసినందున, పాత యంత్రాలు వాడేవారు ఈ విషయాన్ని మరింత శ్రద్ధగా చూడాలి. మద్దతు లేని సిస్టమ్‌పై రెండు యాంటీవైరస్‌లు పెట్టినా తెరిచి ఉన్న లోపం మూసుకోదు.

రోజువారీ పనికి నిర్వాహక అధికారం లేని ఖాతాను వాడటం, కుటుంబ సభ్యులకు విడివిడి ఖాతాలు ఇవ్వడం, సిద్ధాంతవ్యాసానికి కనీసం మూడు ప్రతులు రెండు రకాల సాధనాలపై ఉంచి, అందులో ఒకటి ఇంటి వెలుపల భద్రపరచడం తప్పనిసరి అలవాట్లు కావాలి. యాంటీవైరస్ ఒక అధ్యాయాన్ని నిర్బంధిస్తే కంగారుపడి దానిని పూర్తిగా తుడిచివేయకూడదు. నిర్బంధంలోని ఫైల్ సాధారణంగా అక్కడే ఉంటుంది. పరిశీలించి తిరిగి పొందవచ్చు. ఆర్థిక మోసం జరిగినట్లు తెలిస్తే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫిర్యాదు చేయాలి.

9. ముగింపు:

1. యాంటీవైరస్, యాంటీస్పైవేర్ రెండూ విడిగా ఉండాలన్న సలహా 2000–2006 నాటి శ్రమవిభజన నుంచి పుట్టింది. 2012 నాటికి ఆ విభజన చాలావరకు తొలగిపోయింది.

2. వైరస్‌నూ, సమాచారాన్ని నమోదు చేసి ప్రసారం చేసే ప్రోగ్రామ్‌నూ భారత సమాచార సాంకేతికత చట్టం 2000లోనే ఒకే సెక్షన్ పరిధిలోకి తెచ్చింది.

3. రెండు నిరంతర రక్షకాలు ఒకే యంత్రంలో ఉంటే వేగం తగ్గడం, పరస్పర నిరీక్షణ, శుద్ధి రద్దు కావడం, పరస్పర అనుమానం అనే చిక్కులు ఏర్పడతాయి. గుర్తింపులో కలిగే లాభం ఆశించినంత ఉండదు.

4. తెలుగు టైపింగ్ ఉపకరణాల వల్ల తలెత్తగల తప్పుడు హెచ్చరికలు వాడుకరిని హెచ్చరికల పట్ల ఉదాసీనుడిని చేస్తాయి. తెలుగు పరిశోధకుల విషయంలో ఇది ప్రత్యేకంగా గుర్తించవలసిన ప్రమాదం.

5. ఒక నిరంతర రక్షకం, ఒక ఐచ్ఛిక తనిఖీ సాధనం, సకాలంలో నవీకరణ, విడి ఖాతాలు, బహుళ ప్రతులు ఇంటి కంప్యూటర్‌కు సముచితమైన అంచెలు. రక్షణ బలం రక్షకుల సంఖ్యలో కాక వారి పనుల వైవిధ్యంలో ఉంది.